కూతురికి ఏమీ రాయని వీలునామా

నెల్లూరు జిల్లా ఆత్మకూరు ఊరంచున యానాది కాలనీలో కాపురముంటున్న, కీర్తిశేషులు మానికల పోలయ్య భార్య, ఇన్నాళ్ళూ ఆ ఊరి వీధులు ఊడ్చి ఈ మధ్యనే చీపురు దించిన మానికల శీనమ్మ అనే నేను, సుమారు అరవై ఆరేళ్ళ వయసులో, ఉదయగిరిలో కూర్చుని రాయిస్తున్న చివరి మాట ఇది. నాకు గుండె జబ్బు ఉంది గాని మతి సరిగానే ఉంది. నన్ను ఎవరూ బెదిరించలేదు, ఆశ పెట్టలేదు, చెయ్యి పట్టి రాయించలేదు. నేను ఇక్కడికి వచ్చినట్టు నా కొడుక్కి తెలియదు. దీనికి ముందు నేను ఏ వీలునామా రాయలేదు, దీని తర్వాత రాయబోవడం లేదు.

ఆత్మకూరు మనిషి ఉదయగిరిలో ఎందుకు రాయించిందని రేపు ఎవరైనా అడగవచ్చు. అక్కడ దస్తావేజులు రాసే ఒకాయన దగ్గరికి ముందు పోయాను. మూడో క్లాజులో ఉన్న సంగతి కొంత విని కలం కింద పెట్టాడు. “ఆ గొలుసు సంగతి వద్దు శీనమ్మా. ఇల్లు ఎవరికో చెప్పు, రాస్తా. రేపు నేను వాళ్ళ కొట్టుకు పోవాల్సినోణ్ణి” అన్నాడు. అందుకని బస్సెక్కి ఇంత దూరం వచ్చాను. ఇక్కడ షేక్ నబీ రసూల్ గారు రాస్తున్నారు. చట్టం మాటలు ఆయనవి, తక్కినవి నావి. నా మాట యాసలో ఉంటుంది, ఆయన దాన్ని రాతలో పెట్టారు. రెండు మూడు చోట్ల కళ్ళద్దాలు తీసి, “ఇట్టాంటివి వీలునామాలో ఉండవమ్మా” అన్నారు. ఉండాల అన్నాను. ఉంచారు.

1. నా సంతానం. నాకు పుట్టిన బిడ్డలు ఇద్దరు. కొడుకు శాంతికుమార్, ఆటో నడుపుతాడు. కూతురు చెంచమ్మ. రేషన్ కార్డులో కూతురి పేరు లేదు, కొడుకు తీయించాడు. కాలనీలో అడిగితే కొందరు ఆ పిల్ల చచ్చిపోయిందంటారు, కొందరు లేచిపోయిందంటారు. రెండూ అబద్ధమే. ఈ కాగితంలో ఒక్కడే కొడుకని రాయించి ఊరుకుందామని మొదట అనుకున్నాను. దానికి కారణం చివరి క్లాజుల్లో ఉంది. నబీ రసూల్ గారు, “ఉండే బిడ్డను లేదని రాస్తే రేపు కోర్టులో నిలబడదు” అన్నారు. కోర్టు సంగతి అటుంచి, కన్నదాన్ని, లేదనే మాట నాకు నోట రాలేదు. కాబట్టి ఇద్దరు.

2. అమలు చేసేవారు. ఈ వీలునామాలో ఉన్నవన్నీ జరిపించే అధికారం షేక్ మస్తాన్బీకి ఇస్తున్నాను. ఆమె ఆత్మకూరు బస్టాండు దగ్గర గాజులు అమ్ముతుంది. ఆడమనిషిని, అందులోనూ వేరే మతం మనిషిని పెడితే మీవాళ్ళు ఊరుకుంటారా అని నబీ రసూల్ గారు నన్ను అడిగారు. నా ఇంటికి వచ్చి, నా మంచం మీద కూర్చుని, నా చేత్తో పెట్టిన టీ తాగిన బయటి మనిషి ఆ ఊళ్ళో ఆమె ఒక్కతే. ఊరుకోనివాళ్ళు ఆమెతోనే మాట్లాడుకోవాలి. ఆమె నోటికి తట్టుకుంటే మాట్లాడుకోవచ్చు.

3. స్టీలు గ్లాసు. నా ఇంట్లో అటక మీద గుడ్డసంచిలో ఒక స్టీలు గ్లాసు ఉంది. అది ఆత్మకూరు బజారులో బట్టల కొట్టు నారాయణయ్య గారి కోడలు అనుపమ గారికి చెందాలి. ఎందుకు చెందాలో రాయించకపోతే పిచ్చిదాని పని అనుకుంటారు గనుక రాయిస్తున్నాను.

చెంచమ్మ పదో తరగతి పాసయ్యాక నారాయణయ్య గారింట్లో పనికి కుదిరింది. ఆయన తల్లి వరలక్ష్మమ్మ గారు పక్షవాతం వచ్చి మంచంలో ఉండేది. ఆమెను లేపి కూర్చోబెట్టడం, ఒళ్ళు తుడవడం, అన్నం కలిపి నోట్లో పెట్టడం నా కూతురి పని. ఆ ముసలామె నోట్లోకి పోయే ముద్దను నా బిడ్డ చెయ్యి తాకవచ్చు. వంటింట్లో నీళ్ళబిందెను మాత్రం తాకకూడదు. దాహమేస్తే పెరట్లో పిట్టగోడ మీద బోర్లించిన ఈ గ్లాసు పట్టుకుని నిలబడాలి. ఎవరికైనా తీరికైనప్పుడు పైనుంచి పోస్తారు. చెంచమ్మ ఇంటికొచ్చి దాన్ని నవ్వులాటగా చెప్పేది. “ఆ ఇంట్లో అందరికీ కలిపి గ్లాసులుమా, నాకైతే సొంత గ్లాసు ఉండాది” అనేది. నాకు నవ్వు రాలేదు, కాని పని మానమని చెప్పడానికి నా దగ్గర వేరే పని లేదు.

2013లో అనుపమ గారి బిడ్డకు చెవులు కుట్టారు. ఇల్లు నిండా చుట్టాలు. సాయంత్రానికి అనుపమ గారి మెడలో గొలుసు కనిపించలేదు. ఫొటోలు తీసేవాళ్ళు, వంటవాళ్ళు, షామియానా కట్టినవాళ్ళు, బంధువులు, అందరూ తిరిగిన ఇల్లది. వాళ్ళలో ఎవర్నీ అడగలేదు. నారాయణయ్య గారు వాకిట్లోకి వచ్చి, “యానాది పిల్లను ఇంట్లో పెట్టుకుని ఇంకెవర్ని అడగాలి? దొంగముండ తీసింది” అని వీధంతా వినబడేట్టు అన్నారు. అనుపమ గారూ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ చెంచమ్మను బియ్యం మూటల గదిలోకి తీసుకుపోయి ఒంటి మీద నూలుపోగు లేకుండా వెతికారు. మేం ఆడవాళ్ళమే కదా, తప్పేముంది అన్నారట తర్వాత. మంచంలోంచి వరలక్ష్మమ్మ గారు వంకరపోయిన నోటితో, “ఆ బిడ్డ తీయలేదురా, నా పక్కనించి కదల్లేదు” అని కొడుకును పిలుస్తూనే ఉందట. ముసలిదానికి మతి పోయిందని ఆ గది తలుపు దగ్గరికి వేశారు. తర్వాత రెండేళ్ళకు ఆమె కన్నుమూసింది. ఆ ఇంట్లో నా బిడ్డ కోసం మాట్లాడింది ఆమె ఒక్కతే కాబట్టి, ఆమె పేరు ఇందులో గౌరవంగా రాయమని చెప్పాను.

ఆ పైన పోలీసుస్టేషను. ఏ స్టేషనో రాయించడం లేదు. నేనూ మస్తాన్బీ బయట మెట్ల దగ్గర కూర్చున్నాం. “మీ జాతికి ఇది కొత్తా?” అని ఒకాయన నన్ను అడిగాడు. కోపంగా కూడా అడగలేదు, ఊరికే తెలుసుకోవడానికి అడిగినట్టు అడిగాడు. ఆ రాత్రి చెంచమ్మను లోపలే ఉంచారు. లోపల ఏం జరిగిందో నా బిడ్డ నాకు ఎప్పుడూ చెప్పలేదు. నేను ఊహించి రాయించను.

గొలుసు మర్నాడు దొరికింది. అనుపమ గారు విప్పి పడేసిన పట్టుచీర మడతలోనే ఉంది. స్టేషన్లోంచి చెంచమ్మను పొమ్మన్నారు. ఆ ఇంటి పనివాడు వచ్చి ఆమె బట్టలూ, ఈ గ్లాసూ మా గుమ్మంలో పెట్టి పోయాడు. గ్లాసు ఎందుకయ్యా అంటే, “దాన్ని ఇంక ఎవరు ముట్టుకుంటారు” అన్నాడు.

నేను కొట్టుకు పోయి నారాయణయ్య గారిని ఒకటే అడిగాను. “అయ్యా, దొంగని ఏ నోటితో అన్నారో, కాదని కూడా అదే వాకిట్లో నిలబడి ఒకసారి అనండి.” ఆయన చీరలు మడతపెట్టుకుంటూ, “దొరికింది కదమ్మే, ఇంకేంది నీ గొడవ? పో, పోయి పని చూసుకో” అన్నారు. అర్జీ పట్టుకుని తిరిగిన ఆఫీసుల్లోనూ ఇదే మాట. గొలుసు దొరికింది కదా, ఇంకేం కావాల నీకు?

నేను పోయి పని చూసుకున్నాను. నా పని ఊడ్వడం. మేస్త్రి వేరే వీధి ఇస్తానన్నా తీసుకోలేదు. పని మానేదాకా రోజూ పొద్దున ఆ కొట్టు ముందే ఊడ్చాను. ఆయన షట్టరు ఎత్తేటప్పుడు ముందుగా కనిపించేది నా మొహమే. ఆయన నన్ను చూసేవాడు, చూడనట్టు తల తిప్పుకునేవాడు.

మస్తాన్బీ ఈ గ్లాసును కొట్లో గిరాకీ బాగా ఉన్న వేళ తీసుకుపోయి, అనుపమ గారి చేతికిచ్చి, అందరికీ వినబడేట్టు “మానికల చెంచమ్మ మీ గొలుసు తీయలేదు” అని చెప్పాలి. అంతకు మించి ఒక్క మాట అనకూడదు. తిట్టకూడదు. మస్తాన్బీకి ఇది కష్టమని తెలుసు. అయినా తిట్టకూడదు.

4. మా కాలనీ పెద్దమనుషులు. వీరికి నా ఆస్తిలో గాని, నా చావు భోజనంలో గాని భాగం లేదు. నా దినం నాడు వాళ్ళను పిలవవద్దు.

స్టేషన్లో రాత్రి ఉండి వచ్చిన ఆడపిల్లను ఊరికే కలుపుకోబోమన్నారు. తలకు నీళ్ళు పోసుకుని, కులం ముందు తప్పు ఒప్పుకుని, అందరికీ అన్నం పెడితే అప్పుడు చూస్తామన్నారు. మగవాళ్ళు పట్టలు పరుచుకుని కూర్చున్నారు. ఆడవాళ్ళం వెనక నిలబడ్డాం, మాట్లాడే వీలు లేదు. అట్లా కూర్చున్నవాళ్ళలో చాలామంది తాము చెయ్యని దొంగతనాలకు స్టేషన్లో దెబ్బలు తిన్నవాళ్ళే. ఊళ్ళో ఎక్కడ బోరు మోటారు పోయినా ముందు మా కాలనీకే వస్తారు. వాళ్ళు కుంటుకుంటూ తిరిగొచ్చిన రోజుల్లో వాళ్ళను ఎవరూ నీళ్ళు పోసుకోమనలేదు. కాళ్ళకు కాపడం పెట్టాం, కోడిని కోశాం.

చెంచమ్మ మా మధ్యనుంచి ముందుకు పోయింది. “మీరు స్టేషన్నుంచి వస్తే అయ్యో పాపం అంటిరి. నేనొస్తే మైలంటన్నారు. నేనేం చేసినానని ఒప్పుకోవాల?” అని అడిగింది. పెద్దాయన తువ్వాలు దులుపుకుని లేచాడు. “పోలయ్యా, ఆడపిల్ల నోరు చూసినావా? పెంచడం చేతకాలేదు నీకు” అన్నాడు.

నా భర్త పోలయ్య తల వంచుకుని ఇంటికొచ్చాడు. మంచి మనిషి. నన్ను ఒక్కనాడూ కొట్టలేదు. నిమ్మతోటకు కాపలా ఉంటూ, యజమాని మనవడు ఒరే అని పిలిచినా వస్తన్నానయ్యా అని పరిగెత్తినవాడు. ఎవరికీ కాదని చెప్పలేని ఆ మనిషి ఆ రోజునుంచి కూతురు వడ్డిస్తే మాత్రం కంచం ముందునుంచి లేచిపోయాడు. “మాట పడినాక ఇంకేముండాది” అనేవాడు. చెంచమ్మ అన్నం గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడేది. ఆయన పోయి ఆరేళ్ళయింది. చివరి రోజుల్లో కూతురి పేరు పెట్టి పిలిచాడు. అప్పటికి పలకడానికి ఆ పిల్ల ఇంట్లో లేదు.

5. నా కొడుకు శాంతికుమార్. వీడికి నా మేకలన్నీ చెందుతాయి. వాళ్ళ నాయన పలుగు చెందుతుంది. ఇల్లు చెందదు.

అప్పుడు వీడికి పెళ్ళి మాటలు నడుస్తున్నాయి. “అది ఇంట్లో ఉంటే నాకెవరు పిల్లనిస్తారుమా?” అని నన్ను అడిగాడు. తడికకు అవతల చెంచమ్మ తల దువ్వుకుంటోంది. దువ్వెన ఆగిన చప్పుడు నాకు వినిపించింది. మర్నాడు పొద్దున్నే మస్తాన్బీ ఆమెను నెల్లూరు బస్సెక్కించింది. వీడు నన్ను ఆస్పత్రికి తీసుకుపోతాడు, మాత్రలు తెస్తాడు, తాగడు. కొడుకుగా వీడి మీద నాకు ఫిర్యాదు లేదు. అన్నగా ఉంది. ఒరే నాయనా, నీకు ఇల్లు రాయనిది ఆ ఒక్క మాటకే. నా ఎదురుగా ఎందుకు చెప్పలేదని బాధపడతావు. ఎదురుగా చెబితే నువ్వు ఏడుస్తావు, నేను మనసు మార్చుకుంటాను.

6. ఇల్లు. కాలనీలో నా పేర పట్టా ఉన్న ఇంటిస్థలం, అందులో కట్టిన రెండు గదుల స్లాబు ఇల్లు, ముందున్న రేకుల వసారా, అన్నీ నా మనవరాలు, శాంతికుమార్ కూతురు అశ్వితకు సర్వహక్కులతో చెందుతాయి. ఆమె మైనరు గనుక పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా తల్లి, అంటే నా కోడలు పెంచలమ్మ, సంరక్షకురాలిగా ఉండాలి. అప్పటిదాకా దీన్ని అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి ఎవరికీ అధికారం లేదు. కొడుకూ కోడలూ బతికినంతకాలం అందులోనే ఉండవచ్చు.

దీనికి ఒక షరతు. అశ్విత మీద ఎవరు ఏ మాట మోపినా, ఆమె ఏ స్టేషన్నుంచి, ఏ గదినుంచి, ఏ వేళకు తిరిగొచ్చినా, ఈ ఇంట్లోంచి ఆమెను పొమ్మనే హక్కు తండ్రికి గాని, రేపు వచ్చే మొగుడికి గాని, కాలనీకి గాని లేదు. నబీ రసూల్ గారు దీన్ని చట్టం భాషలోకి మార్చబోయారు. వద్దన్నాను, ఆ పిల్ల చదువుకుంటే అర్థం కావాలి.

గోడకున్న అద్దం కూడా అశ్వితదే. మొన్న బడిలో డ్యాన్సుకు నిలబెట్టేటప్పుడు, “నల్లగా ఉండావు, వెనక్కి పో” అన్నారని ఏడ్చుకుంటూ వచ్చింది. పౌడరు పూసుకుని ఆ అద్దం ముందు నిలబడితే బూడిద చల్లినట్టుంది. తడిగుడ్డతో తుడిచాను. అమ్మీ, ఇది మీ అత్త మొహం. నీ కంటే ముందు ఈ అద్దంలో ఇదే రంగు మొహం ఉండేది. చాలా బాగుండేది.

7. కోడలు పెంచలమ్మకు నా చెవికమ్మలు. మూణ్ణాలుగు సార్లు అడగబోయి ఊరుకుంది, నాకు తెలుసు. నా రెండు కొత్త చీరలు మస్తాన్బీకి. ఆమె చీర కట్టదు, కత్తిరించి ఏదో ఒకటి కుట్టుకుంటుంది.

8. నా కూతురు చెంచమ్మ. ఈమెకు నేను ఈ వీలునామాలో ఏమీ రాయడం లేదు. తెలిసే రాయడం లేదు. కోపం వల్ల మాత్రం కాదు.

నెల్లూరులో పని దొరకడం కష్టం కాలేదు, గది దొరకలేదు. “మీరేమిట్లోళ్ళమ్మా?” అని అడిగేవాళ్ళు. యానాదోళ్ళమంటే గది నిన్ననే ఇచ్చేశామనేవాళ్ళు. కొన్ని గడపలు తొక్కాక చెంచమ్మ వేరే పేరు, వేరే కులం చెప్పింది. వెంటనే తాళం చెవి చేతిలో పెట్టారు. ఆ పేరుతోనే వేరే ఊరు పోయింది, ఆ పేరుతోనే ఒక మనిషి ఇష్టపడి పెళ్ళి చేసుకున్నాడు. మంచివాడే అంటుంది. అత్తగారు వంటింట్లోకి రానిచ్చే ముందు ఇంటిపేరు, గోత్రం అడిగిందట. అమ్మా నాయనా లేరు, చిన్నప్పుడే పోయారు అని చెప్పింది. ఆ ఊరి పేరు గాని, ఇప్పటి ఆమె పేరు గాని ఇందులో లేవు. మస్తాన్బీని గుచ్చి అడిగినా ఉపయోగం లేదు, ఆమెకు తెలియవు.

ఇంట్లో వాటా రాస్తే ఒక నోటీసు పోతుంది. సంతకానికి మనిషి పోతాడు. మానికల చెంచమ్మ ఇల్లు ఇదేనా అని ఆ వాకిట్లో అడుగుతాడు. ఆ తర్వాత ఆ వంటింట్లో నీళ్ళబిందె దగ్గర నా బిడ్డ మళ్ళీ ఎక్కడ నిలబడాల్సి వస్తుందో నాకు తెలుసు. అందుకే ఏమీ రాయలేదు.

కరోనా అప్పుడు తప్ప ఇన్నేళ్ళూ మేం ఏటా ఒకసారి కలుసుకున్నాం. మొహర్రానికి నెల్లూరు దర్గా దగ్గర రొట్టెల పండగప్పుడు చెరువు నీళ్ళలో నిలబడి ముక్కూమొహం తెలియనివాళ్ళు ఒకరికొకరు రొట్టెలు ఇచ్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, ఆరోగ్యం రొట్టె, ఎవరికి ఏది కావాలంటే అది. అక్కడ ఎవరు ఎవరికిచ్చారని ఎవరూ అడగరు, కులం అసలే అడగరు. మొదట్లో గట్టు మీద కూర్చుని తన సంగతులన్నీ చెప్పేది. వెంట భర్త రావడం మొదలయ్యాక నేను రొట్టె ఇచ్చేదాన్ని, ఆమె తీసుకునేది. “బాగుండావా?” “ఉండానుమా. గుండె ఎట్టుండాది?” అంతే, జనం నెట్టేస్తారు.

పోయినేడు పాపను తెచ్చింది. ఈ ఏడు జులైలోనూ తెచ్చింది. భర్త గట్టు మీద చెప్పులకు కాపలా నిలబడి ఉన్నాడు. నేను పాప చేతిలో చదువు రొట్టె పెట్టాను. పాప నన్ను తేరిపార చూసి, “అమ్మా, ఈ అవ్వ ఎవరు?” అంది. చెంచమ్మ నీళ్ళవైపు చూస్తూ, “ఎవరో అవ్వలే, దండం పెట్టు” అంది. పాప రొట్టె చంకలో పెట్టుకుని దండం పెట్టింది. “పోయినసారి కూడా ఈ అవ్వే కదా ఇచ్చింది” అంది.

నేను చెంచమ్మతో మెల్లగా చెప్పాను. “ఇంక రాబాకమ్మా. బిడ్డకు మొహాలు గుర్తుంటన్నాయి.” ఆమె నా తడిచెయ్యి వదల్లేదు. వెనకనుంచి ఎవరో జరగమ్మా జరగమ్మా అంటున్నారు. “సరేమా” అని, పాపను ఎత్తుకుని గట్టు వైపు పోయింది. వెనక్కి తిరగలేదు. తిరగకపోవడమే మంచిదైంది.

9. ఆఖరు సంగతి. నేను పోయిన కబురు చెంచమ్మకు పంపవద్దు. ఎవరూ ఆమెను వెతకవద్దు, పేపర్లో ఫొటో వెయ్యవద్దు, ఫోన్లలో పెట్టవద్దు. ఆ కబురు తెలిస్తే ఆమె ఆ ఇంట్లో ఏడుస్తుంది. ఎవరు పోయారని అడుగుతారు. చెప్పుకోవడానికి ఆమెకు ఎవరూ లేరు, అమ్మ చిన్నప్పుడే పోయింది కదా. నేను ఆత్మకూరులో ఇంకా ఉన్నానని అనుకుంటూ ఉంటుంది. అనుకోనివ్వండి.

పైన రాసినదంతా నబీ రసూల్ గారు రెండుసార్లు చదివి వినిపించారు. నేను ఎక్కడా మార్చమనలేదు. నా ఇష్టప్రకారం, సాక్షుల ఎదుట, నా చేత్తో సంతకం పెడుతున్నాను.

ఉదయగిరి
2025 సెప్టెంబరు 18, గురువారం

మానికల శీనమ్మ (సంతకం)

సాక్షులు:
1. మల్లికార్జునం, జిరాక్సు షాపు, ఉదయగిరి
2. షేక్ ఫిర్దోస్, డిగ్రీ విద్యార్థిని, ఉదయగిరి

రాసినవారు: షేక్ నబీ రసూల్, దస్తావేజు లేఖరి, ఉదయగిరి